ఎడమ దీపంలో నలుసు

కారు దీపాలు బాగుచేయించుకోవడానికి ఎవరు వచ్చినా, వాటిని చేతిలోకి తీసుకోకముందే వదిన ఒక ప్రశ్న అడుగుతుంది. "సాయంత్రం పూట ఈ లైటు చూసి మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా మీ ఇంట్లో?"

వచ్చినవాడు తెల్లమొహం వేస్తాడు. మా కుక్క ఉందండీ అన్నాడట ఒకాయన వేళాకోళానికి. వదిన నవ్వలేదు. కుక్కకి వాసన తెలుస్తుంది, ఫరవాలేదు అని చెప్పి దీపాలు పుచ్చుకుంది. అదే ఎవరైనా, మా నాన్నగారు రోజూ అరుగు మీద కూర్చుని చూస్తుంటారు అన్నారో, ఇంక బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఆ పని ముట్టదు. జనం చాదస్తం అనుకుంటారు. అనుకోనీండి. ఆవిడ స్థానంలో ఉంటే వాళ్ళు ఆ దీపాల వంక కన్నెత్తి కూడా చూడరు.

ఆవిడ పుట్టుకతో ఎవరికీ వదిన కాదు. ఆవిడ భర్త కారు డ్రైవరు. ఒక కంపెనీ ఉద్యోగుల్ని పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం దింపే పని ఆయనది. కార్లు బాగుచేసే షెడ్లలో అందరూ ఆయన్ని అన్నయ్య అంటారు కాబట్టి ఈవిడ ఊరందరికీ వదినైంది. పెళ్ళికి ముందు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానబట్టేది. పెళ్ళయ్యాక ఆ పని మానేసింది గానీ, వేళ్ళకున్న దురద పోలేదు. ఇంట్లో గిన్నె మీద గీత కనబడితే, అది పోయేదాకా రుద్దుతూ కూర్చునే రకం.

ఒకరోజు అన్నయ్య స్నేహితుడు, పక్క షెడ్డు మేస్త్రీ, మసకబారిన కారు దీపాలు రెండు పట్టుకొచ్చాడు. ఎవరో చెప్పారని పళ్ళపేస్టు పెట్టి తోమాడట. రెండు వారాలు మెరిసి మళ్ళీ పచ్చబడ్డాయట.

"దాంతో తోమితే మీ పళ్ళే తెల్లబడలేదు మేస్త్రీగారూ, దీపాలెక్కడ తెల్లబడతాయి?" అంది వదిన. మేస్త్రీ దీపాలు అక్కడే వదిలేసి వెళ్ళాడు. అలా మొదలైంది.

ఎండకి కాలి పచ్చగా, పొరలు పొరలుగా మారిన పైఅద్దాన్ని ముందు గరుకు వాటర్ పేపర్‌తో, తర్వాత సన్నదానితో, ఆ తర్వాత చేత్తో తాకితే కాగితమో గుడ్డో తెలియనంత మెత్తనిదానితో, నీళ్ళు చల్లుకుంటూ రుద్దాలి. రుద్దుతున్నకొద్దీ అద్దం ఇంకా పాలలా తెల్లబారుతుంది. చూసేవాళ్ళకి పాడుచేసినట్టే ఉంటుంది. అక్కడ భయపడకుండా ముందుకెళ్ళినవాళ్ళకే అది తేటపడుతుంది. చివర్న ఎండ తగలకుండా క్లియర్ కోట్ అనే రంగులేని పూత కొట్టాలి. వదినకి అక్కడ భయం లేదు. నాలుగిళ్ళకి వినబడేలా కూనిరాగం తీస్తూ రుద్దేది.

పైపైన రుద్దితే సరిపోని దీపాలకి లోపల పని ఉంటుంది. షెడ్డువాళ్ళు డూమ్ అనే ఆ మొత్తం దీపాన్ని వంటింటి ఒవెన్‌లో పెట్టి వెచ్చబెడితే, అద్దాన్ని పట్టి ఉంచిన నల్ల బంక మెత్తబడుతుంది. అప్పుడు నెమ్మదిగా విడదీయాలి. ఆ ఒవెన్ కొన్నది కేకులు చేయడానికే. ఇవాళ్టిదాకా అందులో కేకు పొంగలేదు. కుర్రకారు వచ్చి లోపల గుండ్రటి తెల్ల రింగు వెలగాలి, చుట్టూ నల్లరంగు వేయాలి అని అడిగేవాళ్ళు. ఆ నల్లరంగుని వదిన కాటుక అనేది. "మీ బండికి కాటుక పెట్టాను. దిష్టిచుక్క కావాలంటే మీరే పెట్టుకోండి," అనేది.

దీపం విప్పినప్పుడల్లా ఆవిడకి ఒక సంగతి కొత్తగా అనిపించేది. మూత ఊడిన క్షణంలో లోపల్నుంచి సన్నగా గాలి బయటికొస్తుంది. ఎప్పుడో, ఎక్కడో, ఎవరో మూసి పెట్టిన గాలి. ఒకలాంటి పాత వాసన వేస్తుంది. వదిన ఆ క్షణంలో మొహం పక్కకి తిప్పుకునేది. ఎందుకో ఆవిడకే తెలియదు.

లోపలుండే వెండిరంగు గిన్నెని మాత్రం ఎప్పుడూ వేలితో తాకేది కాదు. బల్బు వెలుతుర్ని ముందుకి విసిరేది అదే. దాని మీద పూత ఎంత సన్నమంటే, వేలిముద్ర పడితే తుడవడానికి వీల్లేదు. తుడిస్తే పూత కూడా లేచిపోతుంది. ఆ మచ్చ గిన్నె ఉన్నంతకాలం ఉంటుంది, వెలుగు పడినచోటల్లా పడుతుంది.

అన్నయ్య కారు ఎడమ దీపంలో సరిగ్గా అలాంటి మచ్చే ఉండేది. ఎప్పుడో రోడ్డు పక్కన, వానలో, కంగారుగా బల్బు మారుస్తూ గ్రీజు బొటనవేలు గిన్నెకి ఆనించాడు. తర్వాత గుడ్డతో గట్టిగా తుడిచాడు కూడా. దాంతో అక్కడ పూత ఊడి బొటనవేలంత నల్లమచ్చ మిగిలింది. లైటు వేస్తే ఎదురుగా గోడ మీద పచ్చటి వెలుగు మధ్యలో నల్లటి చుక్క.

ఇంట్లో మూడో మనిషి వదిన అత్తగారు. ఆవిడకి చెవులు ముందు పోయాయి, కళ్ళు తర్వాత పోయాయి. చెవిలో నోరు పెట్టి అరిస్తే మాట అందుతుంది కానీ, ఎవరు అరిచినా ఒకటే గొంతులా ఉంటుంది. కళ్ళకి వెలుగూ చీకటీ తప్ప మనిషి ఆనడు. కోడల్ని చేతివేళ్ళ గరుకుని బట్టి పోల్చుకునేది. "పిల్లల్లేని చేతులు ఇలా ఉండకూడదే, పది మంది పిల్లల్ని పెంచినట్టున్నాయి," అని ఆ వేళ్ళు నిమిరేది. వదినకి ఆ మాట గుచ్చుకునేది కాదు. పెద్దావిడ అనే తీరులో అంత ప్రేమ ఉండేది.

ముందుగదిలో రోడ్డువైపు పెద్ద కిటికీ ఉంది. ఎవరైనా దాని ఎదురుగా కూర్చుంటారు. పెద్దావిడ మాత్రం కిటికీకి వీపు పెట్టి, ఖాళీ గోడ వైపు మొహం పెట్టి కూర్చునేది. చీకటి పడే వేళ వీధిలోకి తిరిగే ప్రతి బండి వెలుగూ ఆ గోడ మీద ఈ మూల నుంచి ఆ మూలకి జరుగుతుంది. ఆవిడ అవి చూస్తూ ఎవరెవరు ఇళ్ళకి చేరారో చెబుతూండేది.

"కాంట్రాక్టరు వచ్చాడు. వాడి లైట్లు సూదుల్లా గుచ్చుతాయి. ఇదిగో, ఇది మాస్టారిది, ఒకటి ఆకాశంలోకి చూస్తుంది, ఒకటి నేలకేసి చూస్తుంది. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోనట్టు."

కొత్తగా ఆ ఇంటికొచ్చినవాళ్ళు, ఖాళీ గోడతో నవ్వుతూ మాట్లాడే ముసలావిడని చూసి కాస్త జంకేవాళ్ళు. చివరికి గోడ మీదికి పచ్చటి వెలుగొకటి వచ్చి, గడియారం కింద ఆగి ఆరిపోయేది. పెద్దావిడ మొహం విప్పారేది. "వచ్చాడు. ఎడమ కంట్లో నలుసున్నవాడు." పక్కనున్న ఖాళీ కుర్చీ మీదికి చెయ్యి చాచేది. అన్నయ్య వచ్చి అందులో కూర్చునేవాడు. ఆవిడ కొడుకు తల తడిమి, అప్పుడు భోజనానికి లేచేది. పొద్దున కాసిని పాలు తప్ప, కొడుకు రాకుండా ముద్ద ముట్టేది కాదు. ఎన్నో ఏళ్ళుగా ఆ ఇంట్లో సాయంత్రం అంటే అదే.

ఒకరోజు అన్నయ్య పాలిపోయిన మొహంతో ఇంటికొచ్చాడు. వంతెన అవతల చీకటి రోడ్డు మీద ఒక సైకిలు మనిషి, బంపరు ముందుకి వచ్చేదాకా కనబడలేదట. వెంట్రుకవాసిలో తప్పిందట. సంగతి తెలిసి షెడ్డు మేస్త్రీ ఊరుకోక, "ఊళ్ళో కార్లన్నిటికీ చూపు తెప్పిస్తావు వదినా, మీ ఆయన బండేమో గుడ్డిది," అన్నాడు. పళ్ళపేస్టు మాటకి ఇన్నాళ్ళకి బదులు తీర్చుకున్నాడన్నమాట. వదినకి తల కొట్టేసినట్టయింది.

పాత దీపాల్లో గిన్నె పాడైంది కాబట్టి వాటిని రుద్ది లాభం లేదు. షెడ్డులో అదే రకం కారువి వేరే జత దొరికితే తెచ్చింది. ఎవరి కోసమూ చేయనంత శ్రద్ధగా చేసింది. విప్పి, రుద్ది, కాటుక పెట్టి, ఆయన సిగ్గుపడుతున్నా వినకుండా సన్నటి తెల్ల రింగు అమర్చి, కొత్త బంకతో మూసింది. కారుకి బిగించాక దూరంగా నిలబడి చూసుకుంటే గర్వంతో కడుపు నిండింది. పాతవాటిని పారేయబుద్ధి కాక గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టింది.

ఆ సాయంత్రం ముందుగది గోడ మీదికి తెల్లటి వెలుగు వచ్చి గడియారం కింద ఆగింది. ఏ మచ్చా లేదు. పాలు పోసినట్టుంది. వదిన అత్తగారి మొహం వైపు ఆశగా చూసింది.

"ఎవరో వచ్చారు, చూడవే," అంది పెద్దావిడ.

అన్నయ్య లోపలికొచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ శాలువా సర్దుకుని మర్యాదగా పక్కకి జరిగింది. "కూర్చోండి బాబూ. మావాడు వచ్చే వేళైంది," అంది.

ఆయన నవ్వాడు. అమ్మా, నేనే అని చెవిలో అరిచాడు. లైట్లు మార్చామని వదిన అరిచింది. పెద్దావిడ అన్నీ విని తలాడించింది. ఆయన ఆవిడ చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంటే తడిమింది. "మావాడికీ ఇలాగే వెనక సుడి ఉంటుంది," అని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ రాత్రి ఏమీ తినకుండానే పడుకుంది. మర్నాడూ అంతే. కళ్ళు కాయలు కాచేలా గోడ వైపు చూస్తూ కూర్చుంది. కొడుకు పక్కనే కూర్చుని ఏడుస్తున్నా ఆవిడకి తెలియలేదు. పరాయి మనిషి మన ఇంట్లో ఎందుకు ఉంటున్నాడే అని కోడల్ని మెల్లిగా అడిగింది.

డాక్టరు వచ్చి చూశాడు. కొంతకాలంగా మతి సడలుతూ ఉండుంటుందనీ, అలవాటు పట్టి ఉంచడం వల్ల బయటపడలేదనీ చెప్పాడు. "ఆవిడ మనసంతా ఒక్క మేకుకి వేలాడుతోందమ్మా. అది మీరు పీకేశారు. వాదించకండి. ఎలాగోలా తినేలా చూడండి, లేకపోతే ఎక్కువ రోజులు తట్టుకోలేరు."

"పాతవి బిగించెయ్. నాకేం కాదు," అన్నాడు అన్నయ్య.

"మీకేం కాదు. ఆ సైకిలు మనిషికి?" అంది వదిన. ఆ మాట నిజమే. కానీ దాని వెనక ఇంకో నిజం కూడా ఉంది. తన చేతిపనిని తనే ఊడబెరకడం ఆవిడకి ఇష్టం లేదు. ఆ సంగతి తర్వాత ఆవిడే ఒప్పుకుంది, అప్పటికి ఒప్పుకున్నా ఒరిగేదేమీ లేకపోయింది.

ఉపాయం ఆవిడదే. పాత దీపాలు రెండూ కారులో ఉన్నంత ఎడంగా ఒక చెక్కకి బిగించింది. గ్యాసు సిలిండరు కింద పెట్టుకునే చక్రాల బల్ల మీద ఆ చెక్కనీ, పాత బ్యాటరీనీ పెట్టింది. చీకటి పడగానే అన్నయ్య కారుని వీధి చివరే లైట్లు ఆర్పి ఆపి నడిచొస్తాడు. వదిన వాకిట్లో ఆ బల్లని గేటు దగ్గర నుంచి కిటికీ ముందుగా, కారు తిరిగినంత నెమ్మదిగా తోస్తుంది. గోడ మీద పచ్చటి వెలుగు నడుస్తుంది, నల్లచుక్కతో సహా. గడియారం కింద ఆగగానే వైరు లాగేస్తుంది. అదే క్షణంలో అన్నయ్య గుమ్మంలో అడుగు పెడతాడు.

మొదటిసారి తోసినప్పుడు ఎదురింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. "ఏంటి వదినా, కారు లేకుండా లైట్లు తోలుతున్నావు?"

"పెట్రోలు కలిసొస్తుందని," అంది వదిన, బల్ల ఆపకుండానే.

పెద్దావిడ మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. "వచ్చావా నాన్నా? ఇన్నాళ్ళు ఏమైపోయావురా?" అంది. అన్నయ్య గబగబా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ తల తడిమింది. కడుపునిండా తింది. వంటింట్లో మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకుని చాలా రోజులకి నవ్వుకున్నారు. తన తెలివికి తనే మురిసిపోతూ వదిన ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. అలా కొన్ని రోజులు ఏ లోటూ లేకుండా గడిచింది.

తర్వాత ఒక సాయంత్రం అన్నయ్య ఫోను చేశాడు. టైరు పంచరైంది, స్టెప్నీలో గాలి లేదు, మేస్త్రీ వచ్చేసరికి ఆలస్యమవుతుంది అన్నాడు. వదిన వంటింట్లో నిలబడి విని ఫోను పెట్టేసింది. ముందుగదిలో పెద్దావిడ గోడ వైపు చూస్తూ కూర్చుని ఉంది. ఆ పొద్దున పాలు కూడా తాగలేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. వదినకి ప్రాణం ఉసూరుమంది. వెలుగు చూపిస్తే తినడం మొదలుపెడుతుంది కదా, తినేలోపు ఆయన వచ్చేస్తాడు కదా అనుకుంది. అంతకు మించి ఆలోచించలేదు.

వాకిట్లోకి వెళ్ళి బల్ల తోసింది. వెలుగు గోడ మీద నడిచి గడియారం కింద ఆగింది. వైరు లాగింది. చేతిలో ఆ వైరు అలాగే పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడ పక్కనుంచి లోపలికి ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళలేదనే ఇప్పటికీ చెబుతుంది.

"వచ్చావా నాన్నా," అంది పెద్దావిడ. ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చాచింది. ఆ చెయ్యి గాలిలో ఒకచోట ఆగింది. కుర్చీలో మనిషి కూర్చుంటే తల ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ. నెమ్మదిగా నిమరడం మొదలుపెట్టింది. నుదుటి నుంచి వెనక్కి వెళ్ళి, వెనక సుడి దగ్గర వేలు గుండ్రంగా తిరిగింది.

వదిన ఆ కుర్చీకి తగలకుండా గోడవారన వంటింట్లోకి వెళ్ళింది. పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. పెద్దావిడ తింటూ మాట్లాడింది. మధ్యలో ఆగేది, తల పక్కకి వంచేది, తలాడించి మళ్ళీ మాట్లాడేది. చెవిలో అరిస్తే గానీ మాట అందని మనిషి. ఆగినంతసేపూ ఎవరో మెల్లిగా జవాబు చెబుతున్నట్టే ఉంది.

తినడం అయ్యాక కోడలి వైపు తిరిగి, "వీడికి కాసిని నీళ్ళివ్వవే. అలిసిపోయాడు. దారిలో టైరు పంచరైందట, స్టెప్నీలో గాలి కూడా లేదట," అంది.

వదిన ఫోను మాట్లాడింది వంటింట్లో. పక్కనుండి మాట్లాడినా పెద్దావిడకి వినబడదు. వదిన నీళ్ళు తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక, కుర్చీ పక్కన కింద పెట్టి వచ్చేసింది.

అన్నయ్య నిజంగా ఇంటికి చేరేసరికి బాగా చీకటి పడింది. చెప్పులు విడిచి, అమ్మా అంటూ లోపలికొచ్చి కుర్చీలో కూర్చోబోయాడు. పెద్దావిడ చప్పున చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవరమ్మాయ్ ఇది? డ్రైవరు కావాలటా? మావాడు ఇప్పుడే వచ్చాడు, భోంచేస్తున్నాడు. కాసేపు బయట కూర్చోమను."

ఆయన బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. వదిన వెళ్ళి జరిగింది చెప్పింది. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. "నా కుర్చీలో ఎవణ్ణి కూర్చోబెట్టావే?" అని మాత్రం అడిగాడు. వదినకి ఏడుపు ముంచుకొచ్చింది.

ఆ మర్నాటి నుంచి బల్ల తోయడం మానేసింది. బల్బులు పీకేసింది, వైర్లు విప్పేసింది, దీపాలు రెండూ వంటింటి గట్టు మీద బోర్లా పెట్టి గుడ్డ కప్పింది. వెలుగు రాకపోతే కుర్చీ ఖాళీ అని అత్తగారికి తెలుస్తుందని, మళ్ళీ ఎదురుచూపు మొదలైతే, ఈసారి ఆయన వచ్చాకే చూపించవచ్చని అనుకుంది. సాయంత్రం ఆవిడ పక్కనే నేల మీద కూర్చుని గోడ వైపు చూసింది. కాంట్రాక్టరు వెళ్ళాడు. మాస్టారు వెళ్ళారు. వీధి సద్దుమణిగింది.

అప్పుడు గోడ ఎడమ మూల పచ్చబడింది.

వదిన గిర్రున కిటికీ వైపు తిరిగింది. రోడ్డు మీద బండి లేదు. గేటు మూసే ఉంది. వాకిట్లో చక్రాల బల్ల గోడకి జారగిలబడి ఉంది. మళ్ళీ గోడ వైపు తిరిగేసరికి వెలుగు సగం దూరం వచ్చేసింది. మధ్యలో బొటనవేలంత నల్లచుక్క. తను ఎన్నోసార్లు తోసినంత నెమ్మదిగా, అదే నడకతో వచ్చి గడియారం కింద ఆగి ఆరిపోయింది. వంటింట్లోకి పరిగెత్తి గుడ్డ తీసి చూసింది. దీపాలు చల్లగా, బోర్లా, తను పెట్టినట్టే ఉన్నాయి.

"పెందలాడే వచ్చావే ఇవాళ," అంటోంది పెద్దావిడ ముందుగదిలో.

వదిన ఆ రోజు నుంచి చీకటి పడే వేళ ముందుగదిలోకి వెళ్ళడం మానేసింది. పళ్ళెం గుమ్మం దగ్గర నుంచి అందించేది. మేస్త్రీకి చెబితే కళ్ళు తిరిగి ఉంటాయి, బంక వాసనకి అలాగే ఉంటుంది, కొన్నాళ్ళు పని ఆపు అన్నాడు. ఆపింది. వెలుగు ఆగలేదు. ఒక్కటి మాత్రం కాదనలేని నిజం. పెద్దావిడ ఇప్పుడు మూడు పూటలా తింటోంది. మొహంలో కళ వచ్చింది. ఆవిడకి ఏ లోటూ లేదు. లోటల్లా అన్నయ్యకే. పగలు తల్లికి మందులిచ్చేది ఆయనే, స్నానానికి నీళ్ళు తోడేది ఆయనే. ఆవిడ ఆయన్ని, ఈ ఇంట్లో పనికి పెట్టుకున్న మంచి మనిషి అనుకుంటోంది. మా అబ్బాయితో చెప్పి నీకేదైనా ఇప్పిస్తాలే అని ఒకసారి అంది.

ఆ మాట అన్న మర్నాడు వంటింటి గట్టు మీద దీపాలు కనబడలేదు. వదిన వెతకలేదు. ఎక్కడున్నాయో ఆవిడకి తెలుసు. పొద్దున ఆయన పానా పట్టుకుని కారు ముందు వంగి ఉండటం కిటికీలోంచి చూసింది. సైకిలు మనిషి గుర్తొచ్చాడు. అయినా వద్దనలేదు. జాగ్రత్తగా నడపండి అని మాత్రం అంది.

ఆ సాయంత్రం ధైర్యం కూడదీసుకుని ముందుగదిలోకి వెళ్ళి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఎప్పటిలాగే ముందు ఆ వెలుగు వచ్చింది. రోడ్డు ఖాళీ. పెద్దావిడ కుర్చీ వైపు తిరిగి కబుర్లలో పడింది. ఇంకాసేపటికి వీధి మలుపులో ఇంజను చప్పుడు వినిపించింది. వదినకి ఆ చప్పుడు తెలుసు. గేటు తెరుచుకుంది. గోడ ఎడమ మూల రెండోసారి పచ్చబడింది. నల్లచుక్కతో వెలుగు నడిచొచ్చి గడియారం కింద ఆగింది.

పెద్దావిడ మాట సగంలో ఆపేసింది. మొహం గోడ వైపు తిప్పింది. గుర్తుపట్టు అత్తయ్యా, గుర్తుపట్టు అని వదిన లోపల్లోపల బతిమాలుకుంది.

"ఇదేంటే అమ్మాయ్," అంది పెద్దావిడ ఆశ్చర్యంగా. "ఇంకో బండి. అచ్చం మన బండిలాగే ఉంది. దీనికీ ఎడమ కంట్లో నలుసుంది."

అన్నయ్య లోపలికొచ్చాడు. కుర్చీ వైపు చూశాడు, దానిలో కూర్చోలేదు. తల్లి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆయన తల మీద పడింది. నుదురు, కనుబొమలు, చెవులు, వెనక సుడి, ఒక్కటొక్కటే చాలాసేపు తడిమింది.

"ఎవరబ్బాయివి నాయనా?"

ఆయన మోకాళ్ళ మీద లేచాడు. డాక్టరు వాదించొద్దన్న మాట గుర్తొచ్చిందేమో, ఆవిడ చెవిలో నోరు పెట్టి, "దారిన పోతున్నానమ్మా. ఆకలేసి ఆగాను," అన్నాడు.

"అయ్యో, పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేవు. పెట్టవే, ఈ అబ్బాయికి కూడా పెట్టు."

వదిన పళ్ళెం తెచ్చింది. పెద్దావిడ దాన్ని తన ఒళ్ళోకి తీసుకుని, తనే కలిపి, తడుముకుంటూ ఆయన నోటికి అందించింది. ఆయన తిన్నాడు. కళ్ళనీళ్ళు పళ్ళెంలో పడుతున్నా తల ఎత్తకుండా తిన్నాడు. మధ్య మధ్య ఆవిడ కుర్చీ వైపు తిరిగి, నువ్వూ తినరా, వీణ్ణి చూసి నేర్చుకో అంటోంది. అలా అన్నప్పుడల్లా ఆయన భుజాలు ముడుచుకుపోయాయి. ఆ వైపు మాత్రం చూడలేదు. వదిన చూసింది. కుర్చీ మీద పరిచిన దుప్పటి, మనిషి కూర్చుంటే నొక్కుకున్నట్టు, మధ్యలో కాస్త కిందికి దిగి ఉంది.

పళ్ళెం ఖాళీ అయ్యాక పెద్దావిడ ఆయన మూతి తన శాలువాతో తుడిచింది. రెండు చెంపలూ పట్టుకుంది.

"ఇంక బయల్దేరు నాయనా. చీకటి పడింది. ఇంటి దగ్గర మీ అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది. నువ్వు వెళ్తే గానీ ఆవిడ తినదు."

ఆయన కాసేపు ఆ చేతుల్లో మొహం అలాగే ఉంచాడు. తర్వాత, "సరేనమ్మా, వెళ్తాను," అన్నాడు. తాళాలు తీసుకుని లేచాడు. వదిన ఆపబోయింది గానీ ఆయన తల అడ్డంగా ఊపాడు. వాకిట్లో కారు స్టార్టయింది. గడియారం కింద పచ్చటి వెలుగు మళ్ళీ వెలిగి, అక్కణ్ణించి కదిలి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది. నల్లచుక్క ఎడమ మూల దాకా వెళ్ళి గోడ దాటిపోయింది.

పెద్దావిడ అది పూర్తిగా పోయేదాకా చూసింది. తర్వాత కుర్చీ వైపు తిరిగి, "పాపం, ఎవరి బిడ్డో," అంది.